పెంచుకోనన్న జీతం

కుట్టు కొట్టు
ఫిబ్రవరి 4

అన్నయ్యా,

నీ చెవులకు కొత్త మిషను పెట్టించారని వదిన చెప్పింది. అది పెట్టుకున్నా ఫోనులో నా మాటలు నీకు సగమే వినపడుతున్నాయట, మిగతా సగం నువ్వే కల్పించుకుని జవాబు చెబుతున్నావట. అందుకే ఇక ఉత్తరాలే రాద్దామని కూర్చున్నాను. ముప్పై ఏళ్లు బస్సు ఇంజన్ల మధ్య పనిచేసినవాడికి చెల్లెలి గొంతు ఏం వినపడుతుందిలే.

నేను కౌన్సిలర్‌నై వచ్చే నెలకు మూడేళ్లు నిండుతాయి. పొద్దున ఆరింటికి మొదటి ఫోను వస్తుంది, నీళ్లు రాలేదని. ఆరున్నరకు రెండోది, నీళ్లు వచ్చాయి కానీ రంగు బాగాలేదని. ఏడింటికి ఫోను చేసే పెద్దాయనకు నీళ్లతో పేచీ లేదు, పక్కింటి కుక్కతోనే. నిన్న ఒకావిడ కొట్టుకొచ్చి, గుడ్డ కత్తిరించే బల్ల మీద తెగిన చెప్పు పెట్టింది. మా వీధి గుంతలో పడి తెగింది, చూడమంది. "నేను దర్జీనమ్మా, చెప్పులు కుట్టను" అన్నాను. "కుట్టమనలేదు, చూడమన్నాను" అంది. చూశాను. నిజంగానే బాగా తెగింది.

అసలు సంగతి ఇది. మా కౌన్సిల్లో సభ్యుల జీతం పెంచాలని తీర్మానం పెడుతున్నారు. ఇప్పుడు మాకు వచ్చేది ఫోను ఖర్చులకూ తిరుగుళ్లకూ సరిపోతుంది. దాన్ని చిన్నబడి టీచరు జీతంతో సమానం చేయాలంటున్నారు. జూన్‌లో ఓటింగు. పందొమ్మిది మందిమి, ఎటు వాళ్లు అటు లేచి నిలబడాలి. చాటుమాటు ఏమీ ఉండదు.

నాకు ఎటూ తేలడం లేదు. నువ్వేమంటావు?

కొట్టు బాగానే నడుస్తోంది. మీ బావగారు గోడౌనులో కాటా దగ్గరే ఉన్నారు, నడుం నొప్పి తగ్గింది.

నీ చెల్లి

బస్సుల షెడ్డు
ఫిబ్రవరి 15

చిట్టీ,

నీ ఉత్తరం టీ వేళ అందరికీ చదివి వినిపించాను. చెప్పు దగ్గర పడీ పడీ నవ్వారు. జీతం దగ్గర ఒక్కడూ నవ్వలేదు.

ఎందుకు నవ్వుతారు చెప్పు. మా జీతాల ఫైలు నాలుగేళ్లుగా ఎవరి బల్ల మీదో గుర్రు పెట్టి నిద్రపోతోంది. నాయకుల జీతాల ఫైలుకు మాత్రం నాలుగు నెలల్లో కాళ్లొచ్చి నడుస్తుంది. మేం అడిగితే ఖజానా ఖాళీ. వాళ్లు అడుక్కుంటే, అదీ వాళ్లను వాళ్లే అడుక్కుంటే, ఖజానా నిండుకుండ. మా ఫిట్టర్లు తమ జీతం తామే ఓటేసి పెంచుకునే రోజు వస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

ఎటూ తేలకపోవడమేమిటి? నీ ఎన్నికల కరపత్రంలో నేనేం రాశానో మరిచిపోయావా? "నేను జీతం కోసం రావడం లేదు. గెలిస్తే నా జీతం ఒక్క పైసా కూడా పెంచుకోను." ఆ వాక్యం మీదే నువ్వు గెలిచావు. నీ బడి సెలవు చీటీల దగ్గర్నుంచి కొట్టు లైసెన్సు దరఖాస్తు దాకా అన్నీ నేను రాస్తే నువ్వు సంతకం పెట్టినవే. ఏదీ ఇంతవరకూ తిరిగి రాలేదు. ఇదీ రాదు.

నీకేం తక్కువ? చేతిలో పని ఉంది, కొట్టులో రెండు మిషన్లున్నాయి. చేసేది సేవ. సేవకు టీచరు జీతమేమిటి? లేచి నిలబడి వద్దని చెప్పు. మా చెల్లి తప్పకుండా వ్యతిరేకిస్తుందని ఇక్కడ అందరి ముందూ మాటిచ్చేశాను.

మీ వదిన నిన్ను అడిగానని రాయమంది.

అన్నయ్య

కుట్టు కొట్టు
మార్చి 22

అన్నయ్యా,

నెల దాటింది, ఆలస్యానికి కోపగించుకోకు. మధ్యలో నీళ్ల గొట్టం పగిలింది. మూడు రోజులు గుంత పక్కనే నిలబడ్డాను. నేను నిలబడితే గొట్టం అతుక్కోదు, కానీ నేను లేకపోతే పనివాళ్లు నిలబడరు. ఆ మూడు రోజుల్లో ఒక పెళ్లికొడుకు కోటు అనుకున్న రోజుకు ఇవ్వలేకపోయాను. పెళ్లయిన మర్నాడు ఇచ్చాను. ఆ అబ్బాయి మంచివాడు, ఏమీ అనలేదు. వాళ్లమ్మ మాత్రం చాలా అంది.

నువ్వు నా తరఫున మాటిచ్చేశావు, సరే. ఆ కరపత్రంలోని వాక్యం నేను అచ్చయ్యాకే చదివానని నీకు తెలుసా? నువ్వు రాశావు కదా, ఇంక చదివేదేముందని సంతకం పెట్టాను. తప్పు నాదే.

ఒక్క మాట మాత్రం చెప్పనివ్వు. జీతం పెంచడం పాపమని మా సభలో అందరికంటే గట్టిగా అంటున్నది ఎవరో తెలుసా? ఊళ్లోని గిడ్డంగుల్లో సగం ఉన్నాయన. ఇప్పుడిచ్చే జీతం కూడా ఆయన ముట్టుకోడు, ఆ సంగతి ప్రతి సభలోనూ గుర్తు చేస్తాడు. ఆయన పక్కన కూర్చునేవాళ్లలో ఒకాయనకు అద్దె ఇళ్లున్నాయి, ఇంకొకాయనకు పింఛను వస్తుంది. పొద్దున్నే పని మానుకుని మీటింగుకు వచ్చేవాళ్లం ముగ్గురమే. మంగలాయన ఒకరు, పాలు పోసే ఆవిడ ఒకరు, నేను. జీతం పెంచాలని గట్టిగా అడిగే ధైర్యం మా ముగ్గురికీ లేదు, ఎందుకంటే అది మాకు నిజంగా కావాలి. అక్కర్లేనివాళ్లు మాత్రం వద్దని దర్జాగా చెప్పేస్తున్నారు.

ఒక మంచి వార్త. పెద్ద ఆర్డరు వచ్చింది. కొత్తగా కట్టిన హోటలు గదులకు అరవై తెరలు కుట్టాలి. మామూలు కూలికి రెట్టింపు ఇస్తున్నారు, సగం ముందే ఇచ్చేశారు. రెండో మిషను గదిలో అడ్డంగా ఉందని తీసేశాను, ఉన్నదాని మీదే కుడుతున్నాను.

నీ చెల్లి

బస్సుల షెడ్డు
ఏప్రిల్ 3

చిట్టీ,

మిషను అడ్డంగా ఉందని తీసేసిన దర్జీని నేనెక్కడా చూడలేదు. నేను కొనిచ్చింది కాబట్టి లెక్క అడుగుతున్నానని అనుకోకు. దాన్ని మోసుకొచ్చి ఆ గదిలో పెట్టింది నేనే. ఆ గదిలో ఇంకా రెండు మిషన్లకు చోటుంది.

ఇంజను చప్పుడు నాకు వినపడక చాలా కాలమైంది. ఇప్పుడు చెయ్యి ఆనించి చూస్తాను. వణుకు ఎక్కడ తేడాగా ఉంటే జబ్బు అక్కడే. నీ ఉత్తరం మీద కూడా చెయ్యి పెట్టి చూశాను. పెళ్లికొడుకు తల్లి ఏమందో రాశావు, మంగలాయన గురించి రాశావు, తెరలు ఎన్నో రాశావు, కూలి ఎంతో రాశావు. ఆ తెరలు ఎవరివో రాయలేదు.

రెట్టింపు కూలి ఊరికే ఎవరిస్తారు? నీ పనితనం నాకు తెలుసు, నీ అన్నని కాబట్టి ఇంకాస్త ఎక్కువే తెలుసు. అయినా తెర అంటే నాలుగు తిన్నని కుట్లు. దానికి రెట్టింపు ఇచ్చేవాడు కుట్టు కోసం ఇవ్వడు.

తిట్టడానికి అడగడం లేదు. ఎవరివి?

అన్నయ్య

కుట్టు కొట్టు
మే 2

అన్నయ్యా,

నాలుగుసార్లు రాసి చింపేశాను. ఇది పంపేస్తాను.

తెరలు కాలువల కాంట్రాక్టరువి. హోటలు వాళ్ల బావమరిదిది. మా వార్డులో కొత్త కాలువ కట్టింది ఆయనే. నేను పనుల కమిటీలో ఉన్నాను. పని బాగుందని నేను సంతకం పెడితేనే ఆయనకు బిల్లు వస్తుంది.

ఫిబ్రవరి చివర్లో కాలువ చూడటానికి వెళ్లాను. కొట్టు మధ్యలో వదిలేసి వెళ్లానేమో, కొలిచే టేపు మెడలోనే ఉండిపోయింది. ఎందుకో గోడ మందం కొలవాలనిపించింది. ఆరంగుళాలుండాలి, నాలుగే ఉంది. పది అడుగులకొకసారి కొలుచుకుంటూ వీధి చివరిదాకా వెళ్లాను, అంతా నాలుగే. కాంట్రాక్టరు పక్కనే నడుస్తూ "అక్కగారు కొలతల్లో గట్టివారు" అని నవ్వాడు. వారం తిరక్కుండా వ్యానులో గుడ్డ దిగింది. కాలువ ఊసు ఎత్తలేదు. "మీ చేతి కుట్టయితే బాగుంటుందని మా వాళ్లు పట్టుబట్టారు" అన్నాడు.

నాకు అర్థం కాలేదని రాస్తే నువ్వు నమ్మవు, నేనూ నమ్మను. అర్థమైంది. అర్థమైన క్షణంలోనే, ఇది వేరు అది వేరు అని నాకు నేనే చెప్పుకున్నాను. ఎంత తొందరగా చెప్పుకున్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది.

కొట్టు బాగా నడవడం లేదన్నయ్యా. రెండేళ్లుగా నడవడం లేదు. ఇస్తానన్న రోజుకు ఇవ్వలేని దర్జీ దగ్గరికి ఎవరొస్తారు? వచ్చేవాళ్లంతా కాగితాలతోనే వస్తున్నారు, గుడ్డతో ఎవరూ రావడం లేదు. నాతో పాటు కుట్టే ఆవిడకు పని చూపించలేక పంపేశాను, ఆ తర్వాత మిషను అమ్మేశాను. మీ బావగారికి పని వారానికి మూడు రోజులే ఉంటోంది. నీకు చెబితే వెంటనే ఏదో ఒకటి పంపిస్తావు, అందుకే చెప్పలేదు.

కోపం కూడా ఉంది, చెప్పేస్తాను. సేవ సేవ అని నువ్వు రాసినప్పుడల్లా నాకు ఒళ్లు మండింది. సేవ చేసేవాళ్ల ఇంట్లో పొయ్యి వెలగక్కర్లేదా? నీ వాక్యం చదివి చప్పట్లు కొట్టినవాళ్లే ఇప్పుడు పొద్దున ఆరింటికి నన్ను నిద్ర లేపుతున్నారు.

సంతకం ఇంకా పెట్టలేదు. గుడ్డ మాత్రం అరవై తెరలకూ కత్తిరించేశాను. నలభై రెండు కుట్టడం కూడా అయిపోయింది. కత్తెర పడ్డాక గుడ్డ వెనక్కి ఇవ్వలేం. సంతకం సంగతి తేల్చమని కమిటీలో నెలాఖరు దాకా గడువిచ్చారు.

నీ చెల్లి

బస్సుల షెడ్డు
మే 7

చిట్టీ,

నీ ఉత్తరం ఎవరికీ చదివి వినిపించలేదు. వదినకు మాత్రం ఇచ్చాను. చదివి నాతో ఒక పూటంతా మాట్లాడలేదు. నాకు చెవుడు కాబట్టి ఆ సంగతి కాస్త ఆలస్యంగా తెలిసింది.

ఆ వాక్యం నాది. నువ్వు చదవకుండా సంతకం పెట్టింది నిజమే, కానీ నేను అడగకుండా రాశాను. నీ జీతం గురించి మాటిచ్చే హక్కు నాకు ఎవరిచ్చారు? వినడానికి బాగుందని రాశాను. నాకు అలాంటి వాక్యాలంటే సరదా.

నీకు చెప్పనిది నా దగ్గరా ఒకటుంది. ఆరేళ్ల కిందట నేను మా కార్మిక సంఘానికి కార్యదర్శిగా ఉన్నాను కదా. ఒంట్లో బాగాలేక మానేశానని నీకు రాశాను. ఒంటికేం కాలేదు. మీటింగులకు తిరిగితే ఓవర్‌టైము పోతుంది. ఒక ఏడాది చూశాను, ఇల్లు గడవలేదు, దిగిపోయాను. నా తర్వాత వచ్చినవాడికి మూడు లారీలున్నాయి. అతనికి ఓవర్‌టైము అక్కర్లేదు. మా జీతాల ఫైలు కదిలినా అతనికొకటే, కదలకపోయినా ఒకటే. ఆ ఫైలు నాలుగేళ్లు ఎందుకు నిద్రపోయిందో నీ ఉత్తరం చదివాక గానీ నాకు తట్టలేదు. ఇంత వయసొచ్చి, పక్కనే ఉన్నది చూడలేదు.

సంతకం పెట్టకు. అది నీకూ తెలుసు, నేను చెప్పక్కర్లేదు. గుడ్డ సంగతి నీ వృత్తి, నువ్వే తేల్చుకో. జూన్‌లో ఎటు నిలబడాలో ఈసారి నేను చెప్పను. మా షెడ్డులో నేనిచ్చిన మాట నేనే వెనక్కి తీసుకుంటాను, అది నా తలనొప్పి.

వదిన పేరు మీద ఒక కవరు వస్తుంది. తిరిగి పంపావంటే వదినే స్వయంగా వస్తుంది. ఆవిడతో పెట్టుకోకు.

అన్నయ్య

కుట్టు కొట్టు
జూన్ 18

అన్నయ్యా,

వదినతో పెట్టుకోలేదు. కవరు ఉంచుకున్నాను.

కత్తిరించిన గుడ్డను కుట్టకుండా పంపితే నా చేతికి అవమానం. అరవై తెరలూ కుట్టాను. అంచులు మడిచి, ఇస్త్రీ చేసి, ముందిచ్చిన డబ్బంతా పైన పెట్టి వ్యానులో వెనక్కి పంపేశాను. కూలి తీసుకోలేదు. కమిటీలో కాలువ కొలతలు చదివి, సంతకం పెట్టనని చెప్పాను. కాంట్రాక్టరు మొహం చిన్నబోయింది. "తెరలు బాగా వచ్చాయక్కా" అని మాత్రం అన్నాడు. నిజంగానే బాగా వచ్చాయి.

ఇక జీతం సంగతి. మొన్నే ఓటింగు అయింది. గిడ్డంగులాయన మొదట లేచి సేవ, త్యాగం అంటూ అరగంట మాట్లాడాడు. వింటుంటే నీ కరపత్రమే గుర్తొచ్చింది. ఆ తర్వాత నేను లేచాను. తెరల సంగతి మొత్తం చెప్పేశాను. ఎవరివో, ఎందుకొచ్చాయో, ఎన్ని రోజులు నా గదిలో ఉన్నాయో అంతా.

గిడ్డంగులాయన అన్నాడు, "అయితే జీతం పెంచితే నిజాయితీ పెరుగుతుందంటారా అమ్మా?"

"పెరగదండీ. దొంగకు ఎంతిచ్చినా దొంగే. కానీ ఆ గుడ్డ మీ ఇంటికి ఎందుకు రాలేదో ఆలోచించండి. మీకు తెరలు కుట్టే అవసరం లేదు కాబట్టి. అవసరం ఉన్నవాళ్లం ఈ కుర్చీల్లోకి రాకూడదంటే అదే చెప్పండి, దిగిపోతాం. రావచ్చంటే మాత్రం మేం బతికే దారి కూడా మీరే చూడాలి."

ఆయన కోప్పడలేదు. తీర్మానం కాగితం తీసి మళ్లీ చదువుకున్నాడు. చెడ్డవాడు కాదన్నయ్యా, ఆయనకు ఎప్పుడూ ఆ అవసరం రాలేదు, అంతే.

తీర్మానంలో ఒక మార్పు అడిగాను. పెంచిన జీతం ఇప్పుడు ఈ గదిలో కూర్చున్న మాకెవరికీ వద్దు. వచ్చే ఎన్నికల్లో గెలిచి వచ్చేవాళ్లకే ఇవ్వాలి. ఆ ఎన్నికల్లో నేను నిలబడనని కూడా అక్కడే చెప్పేశాను. రాసిందెవరైనా సంతకం నాది, జనం నమ్మింది నన్ను. మాట నిలబెట్టాలంటే నాకు తోచిన దారి ఇదొక్కటే.

పదిమంది లేచారు, తొమ్మిది మంది కూర్చున్నారు. తీర్మానం నెగ్గింది. లేచినవాళ్లలో పదో మనిషి గిడ్డంగులాయన.

నీ చెల్లి

బస్సుల షెడ్డు
జూన్ 29

చిట్టీ,

ఇది మాత్రం అందరికీ చదివి వినిపించాను. సగం నేను చదివితే మిగతాది మా పెయింటరు చదివాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక ముసలి డ్రైవరు మాత్రం, "మీ చెల్లికి మనవైపు తెరలు కుట్టే పనేమన్నా ఉంటే చూద్దామా" అన్నాడు. నిజంగానే చూస్తున్నారు. ఏ బిల్లుతోనూ సంబంధం లేని తెరలే, భయపడకు.

అందరూ నీతో ఒప్పుకున్నారనుకోకు. ఎవరికిచ్చినా జీతం జీతమే, ముందు మాకు పెంచాలి అన్నవాళ్లున్నారు. వాళ్లు అన్నదీ తప్పు కాదు. సంఘం కార్యదర్శికి పోయిన ఓవర్‌టైము చందాల్లోంచి ఇవ్వాలని నేనొక ప్రతిపాదన పెట్టాను. పెద్ద గొడవైంది. వచ్చే నెల మళ్లీ కూర్చుంటాం.

ఆ సభలో నేను లేకపోయానే అని ఉంది. ఉన్నా నాకు సగమే వినపడేదిలే. మిగతా సగం ఈసారి కల్పించుకోనక్కర్లేకుండా నువ్వే రాశావు.

ఇంకా రెండేళ్లు ఎలా నెట్టుకొస్తావు?

అన్నయ్య

కుట్టు కొట్టు
ఆగస్టు 9

అన్నయ్యా,

ఎలా నెట్టుకొస్తానో నాకూ తెలియదు. పొద్దున ఫోన్లు ఆగలేదు. కొత్తగా ఇంకో రకం ఫోన్లు కూడా తోడయ్యాయి. జీతం మూడింతలు చేసుకుందట, తెరలు మేసిందట, ఇంకా ఏమేమో అంటున్నారు. మొదట్లో ఒక్కొక్కరికీ విడమరిచి చెప్పేదాన్ని. ఇప్పుడు "కాదండీ" అని పెట్టేస్తున్నాను. మీ డ్రైవరు పంపిన ఆర్డరు అందింది. ఆయనకు నా నమస్కారాలు చెప్పు. కాలువ గోడ పగలగొట్టి మళ్లీ కడుతున్నారు, ఆ దుమ్మంతా నా వల్లేనని వీధిలో వాళ్లు తిడుతున్నారు. అదీ నిజమే.

మీటింగులు లేని రోజుల్లో కొట్టు పూర్తిగా తెరుస్తున్నాను. పంపేసిన ఆవిడ నిన్న వచ్చి, కూలి తర్వాత ఇద్దువుగానిలే అని కూర్చుని గుండీలు కుట్టి వెళ్లింది. ఆమె వెళ్లాక కాసేపు ఏడ్చాను. బాధతో కాదు.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. మొన్న మధ్యాహ్నం ఒకామె వచ్చింది. బస్టాండు ఊడుస్తుంది, చీపురు గుమ్మం పక్కన ఆనించి లోపలికొచ్చింది. చేతిలో గుడ్డా లేదు, కాగితమూ లేదు. నీళ్ల గురించేమోననుకున్నాను. "వచ్చేసారి మా వార్డులో నిలబడదామనుకుంటున్నానండీ" అంది. నేను మిషను ఆపాను. చాలాసేపు నసిగి, చివరికి అడిగింది, "గెలిస్తే ఈ పని మానేయాలి కదా. మానేస్తే ఇల్లు గడుస్తుందా?"

ఈ మూడేళ్లలో నన్ను ఈ ప్రశ్న నలుగురు అడిగారన్నయ్యా. నలుగురికీ సేవ గురించి ఏదో చెప్పి పంపేశాను. వాళ్లు మళ్లీ ఈ ఛాయలకు రాలేదు. ఈసారి ఆమె మొహంలోకి చూసి, "గడుస్తుంది" అన్నాను.

ఆమెకు నమ్మకం కుదరలేదు. మళ్లీ అడిగింది, నేను మళ్లీ అదే చెప్పాను. అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చుని, "అయితే ముందు ఏం చేయాలో చెప్పండి" అంది.

నీ చెల్లి